గుడ్డపేలికల ఎజ్రా

ఎజ్రా ప్లమ్‌స్టెడ్ మనిషి ముఖం చూసి మాట్లాడడు, ఒంటిమీది బట్ట చూసి మాట్లాడతాడు. ఎల్మింగ్లీ ఊళ్లోనే పుట్టి అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, అయినా ఎదురొచ్చింది ఎవరో చొక్కా అంచు పట్టుకు చూస్తేగానీ పోల్చుకోడు. "ఓహో, గళ్ల ఫ్లానెలా! బాగున్నావా?" అంటాడు. ఆ బాగోగులు అడిగింది మనిషినో, ఆ మెత్తటి బట్ట ఫ్లానెల్‌నో ఇప్పటికీ ఎవరికీ తేలలేదు.

ఆయన దొరసాని దివాణంలో తోటమాలి. దివాణం చుట్టూ రెండొందల ఏళ్లనాటి ఎర్ర ఇటుక గోడ, వీధి పొడుగునా మెలికలు తిరుగుతూ పోతుంది. కట్టిన మేస్త్రీ తాగి ఉన్నాడని ఊళ్లో ఒక మాట, తాగకుండా తిన్నగా కడితే ఒంటి ఇటుక మందం గోడ ఇన్నాళ్లు నిలిచేదా అని ఇంకో మాట. లోపలివైపు ఆ మెలికల్లో గాలి తగలదు, ఎండ నిలుస్తుంది. అక్కడ ఆప్రికాట్ చెట్లని గోడకి పాకించారు. కొమ్మ మీదుగా చిన్న గుడ్డపేలిక వేసి, రెండు కొసలూ కలిపి గోడకి మేకు కొట్టాలి. తాడైతే కొమ్మ ఒరుసుకుపోతుంది. ఆ గుడ్డ కోసమే ఎజ్రా ఊరంతా దేబిరించేవాడు.

పెళ్లిలో పెళ్లికొడుకు కోటు తడిమి, "పదేళ్లయ్యాక ఇది నాది, ఇంకెవరికీ మాటివ్వకు" అన్నాడొకసారి. చర్చిలో పాస్టరుగారి అంగీ అంచు పట్టుకుంటే, పాపం ఆయన భక్తి అనుకుని దీవించబోయాడు. "ఇది ఎప్పటికి చిరుగుతుందంటారు, అయ్యగారూ?" అని అడిగాడు ఎజ్రా.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ చావు ఇళ్లని కూడా వదిలేవాడు కాదు. సమాధి మీద మట్టి ఆరకముందే తలుపు తట్టి, టోపీ నలుపుకుంటూ, "పోయినాయన చొక్కా ఏదైనా..." అని నసిగేవాడు. శవాల మీద పేలాలు ఏరుకునే రకం అని ఆడవాళ్లు దుమ్మెత్తిపోసేవారు. తిట్టినవాళ్లలో సగంమంది తర్వాత ఎందుకో నోరు మూసుకునేవారు.

అదే ఊళ్లో హెస్టర్ అనే అమ్మాయి మొగుడు రూబెన్ ఒక అక్టోబరులో పోయాడు. కోతలు కాగానే పొలం పనివాళ్లు హెర్రింగ్ చేపల పడవల మీద పనికి పోవడం అక్కడి రివాజు. ఈయనా వెళ్లాడు. పడవ రాలేదు, శవమూ రాలేదు. పాతిపెట్టడానికి మనిషి లేడు, పోయి ఏడవడానికి సమాధి లేదు. తలుపు వెనక ఆయన నీలం ఉన్ని కోటు ఒక్కటి మిగిలింది. హెస్టర్ దానికెదురుగా కూచునేది. తినేది కాదు, మాట్లాడేది కాదు, కంట చుక్క రాల్చేది కాదు.

అక్కడికే దిగాడు ఎజ్రా.

"అమ్మాయ్, ఆ నీలం కోటు..."

"తాతా, మాట పూర్తి చేశావంటే చీపురు తిరగేస్తాను."

"మంచి ఉన్ని. కొమ్మకి సుఖంగా ఉంటుంది."

"నా మొగుడు సముద్రం పాలైతే నీ కొమ్మకి సుఖం కావాల్సొచ్చిందా? ఫో అవతలికి!"

పోయాడు. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. పక్కింటి మార్తా అయినా తన వైపు ఉంటుందనుకుంటే, "ఒక్క ముక్క ఇచ్చెయ్యవే, ఏం పోయింది" అంది.

"నువ్వు కూడానా మార్తక్కా!" అని హెస్టర్ తలుపు వేసేసుకుంది.

ఫిబ్రవరిలో ఎజ్రా మళ్లీ తలుపు తట్టేసరికి ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఈ ముసలాడి సంగతి దొరసానితోనే తేల్చుకుంటానని మర్నాడే బయల్దేరింది. దివాణం ఇనుప గేట్లు ఊరివాళ్లకి తెరవరు. గోడ పట్టుకుని నడిచింది. సందులో చిన్న చెక్క తలుపు ఓరగా తీసి ఉంది. తోసుకుని లోపలికి పోయింది.

లోపల మార్తా బోర్లించిన బుట్ట మీద కూచుని కొమ్మతో మాట్లాడుతోంది. "అమ్మా, చిన్నదానికి పన్నొచ్చిందే. అచ్చం నీలాగే కొరుకుతోంది." కొమ్మ మీద పసుపుపచ్చ పేలిక, పోయిన వాళ్లమ్మ వంట ఏప్రన్‌ది.

"అక్కా! నిన్నెవరు రానిచ్చారు?"

మార్తా ఉలిక్కిపడింది. "గోడకి గుడ్డ ఇచ్చాను కదే. ఇచ్చినవాళ్లు వారంవారం వచ్చి మేకు వదులైందేమో చూసుకోవాలని దొరసానిని నమ్మించాడు తాత. బయట చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

"వదులవుతుందా?"

"ఎద్దు లాగినా రాదు."

హెస్టర్ తిన్నగా పనిముట్ల కొట్లోకి పోయింది. ఎజ్రా ఒక మూట మీద కూచుని రొట్టె, జున్ను తింటున్నాడు. వెనక అలాంటి మూటలే కప్పు దాకా ఉన్నాయి. ఒకటి విప్పి చూస్తే కొత్త గుడ్డపేలికలు, చక్కగా కత్తిరించి కట్టలు కట్టినవి.

"ఇవేమిటి తాతా?"

"అవా... ఎలుకలకి."

"కట్టలు కట్టి మరీనా?"

ఎజ్రా నమలడం ఆపాడు. "దొరసాని ఏటా తెప్పిస్తుంది."

"ఇన్ని పెట్టుకుని మా కొంపల మీద పడతావేం?"

అప్పుడు చూశాడు ఆమె ముఖంలోకి. "గోడతో పనుంటే తప్ప ఊరివాళ్లని రానివ్వనంది ఆవిడ. సరే, గోడకి పని కల్పించాను. చర్చి దొడ్లో సమాధుల దగ్గర ఆ గాలికి పది నిమిషాలు నిలబడలేరమ్మా. ఇక్కడైతే ఎండ ఉంటుంది. నీకు అక్కడ సమాధి కూడా లేదాయె. మనిషన్నాక ఎక్కడో ఒకచోట కూచుని మాట్లాడుకోవద్దూ?"

"మరి పెళ్లిళ్లలో అడిగేదో?"

"చావు ఇళ్లలోనే అడిగితే అనుమానం రాదూ!"

హెస్టర్ ఆ మూటల మీదే కూలబడి భోరుమంది. నాలుగు నెలల ఏడుపు ఒక్కసారిగా వచ్చిపడింది. ఎజ్రా ఏం చెయ్యాలో తోచక తన జున్ను ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు కోటు తెచ్చింది. ఆయన లోపలి అంచు తిరగేసి, వేలెడు ముక్క కత్తిరించి, కోటు తిరిగి ఇచ్చేశాడు.

"ఇంతేనా తాతా?"

"కొమ్మ సన్నది."

ఎండ బాగా తగిలే మెలికలో మేకు కొట్టాడు. హెస్టర్ బుట్ట మీద కూచుంది. నీలం పేలికని వేలితో సవరించింది. తర్వాత అందుకుంది: "ఏమయ్యా రూబెన్, వద్దన్నానా లేదా? నీకు ఈదడం వచ్చా? తలుపు గడియ బాగుచేసి పోతానన్నావు, చేశావా? గాలికి అది టపటపా కొట్టుకుంటుంటే నువ్వేనేమోనని ఎన్నిసార్లు లేచానో తెలుసా నీకు?" గోడ మీంచి ఎండ జారిపోయేదాకా ఆయన్ని కడిగిపారేసింది. ఎజ్రా అటు తిరిగి, ముందే గట్టిగా ఉన్న మేకుల్ని సుత్తితో మళ్లీ మళ్లీ కొడుతూ ఉన్నాడు.

ఆమె పోయేటప్పుడు తాళంచెవి పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేకు గట్టిగా ఉందా, అమ్మాయ్?"

హెస్టర్ ముక్కు తుడుచుకుంది.

"ఎక్కడ తాతా, ఊగిపోతోంది. రేపూ రావాలి."