తడిపిన పత్తి

పత్తి దూదవుతుంది, దూది నూలవుతుంది, నూలు బట్టవుతుంది అని బళ్లో వల్లె వేయించారు. అది ఇంకేమేం అవుతుందో నేను మా ఇంట్లోనే చూశాను. ఇప్పటికీ ఎవరైనా పత్తిని తెల్ల బంగారం అంటే నా చెయ్యి ముక్కు మీదికి పోతుంది.

మొదటి కాన్పుకు తల్లిగారింటికి, కొడకండ్ల దగ్గరి మా ఊరికి పోయాను. ఇంట్లో ముందున్న అర్రలు పెంకులవి, వెనక ఒక్కటి స్లాబుది. వానొస్తే కారనిది ఆ ఒక్కటే. పత్తి ఏరే కాలంలో మా వైపు ఏ ఇంట్లోనైనా మంచి గది పత్తిదే, మనుషులు వసారాలో సర్దుకుంటారు. ఈసారి చంటిపిల్లాడున్నాడు కాబట్టి బాపు పెద్దమనసు చేసుకుని స్లాబు గదిలో సగం పత్తికి, సగం నాకూ నా కొడుక్కూ ఇచ్చాడు. మధ్యలో అవ్వ, అంటే మా అమ్మ, తన పాత చీర అడ్డం కట్టింది.

మొదట్లో ఫరవాలేదు. పొడి పత్తికి ఎండ వాసన ఉంటుంది, అది నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

తెల్లారితే మిల్లుకు పత్తి తోలాలనగా, సాయంత్రం బాపు మందుకొట్టే పంపు వీపుకు తగిలించుకుని గదిలోకి వచ్చాడు. ఆ ఏడాదంతా పురుగుమందు కొట్టిన పంపు. చీర అవతల చిర్రుమని చప్పుడు మొదలైంది.

"ఏం జేస్తున్నవ్ బాపూ?"

"ఉత్త నీళ్లే బిడ్డా. జర తూకం నిలుస్తదని. అందరు గిట్లనే జేస్తరు."

"పంపు కడిగినవా?"

"కడిగిన తియ్."

ఆ 'తియ్' వినగానే అర్థమైంది, ఏ మాత్రం కడిగాడో. అందరూ చేస్తారన్నది మాత్రం నిజమే. తడిపిన పత్తి పొద్దున తూకమెక్కి ఎవరి గోదాములోనో కుళ్లుతుంది, మన ముక్కుకు తగలదు. కానీ పొద్దున బండి రాకముందే ఫోనొచ్చింది. మిల్లులో జాగా లేదట, మళ్లీ చెప్పేదాకా తేవద్దట. వెనకాలే ముసురు పట్టింది. ఆరబోద్దామంటే ఎండ లేదు. తడిపిన పత్తి తడిపినట్టే మా గదిలో ఉండిపోయింది. బాపు తేలు కుట్టిన దొంగలా ఎవరితోనూ అనలేక, మాటిమాటికీ చీర తొలగించి చూసి పోయేవాడు.

ముందు వాసన మారింది. కుడితి గోలెం అడుగున పేరుకున్న మడ్డి వాసన. తర్వాత రంగు. తెలుపు పోయి మీగడ రంగు, అదీ పోయి గుట్కా నమిలేవాడి పళ్ల రంగు. ఒకరోజు చూద్దామని కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. లోపల వేడి, జ్వరమొచ్చిన మనిషి చంకలో పెట్టినట్టు. లాగితే వేళ్లకు జిగురు. పోగులుగా విడిపోవాల్సిన దూది నల్లటి బూజు చుక్కలతో ముద్దకట్టి వచ్చింది. ముద్దలోంచి పాలిపోయిన తోకలు వేలాడుతున్నాయి. పురుగులనుకుని విదిలించాను. పురుగులు కావు, గింజల మొలకలు. మొలకను చూసి మురిసిపోయే ఇంట్లో పుట్టినదాన్ని, వాకిట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను.

ఇక ఎర్రనల్లులు, పత్తి గింజల రసం పీల్చే పురుగులు. పత్తిలోంచి చీరెక్కి, చీర మీంచి ఉయ్యాల తాడు పట్టుకుని దిగేవి. ఒకటి పిల్లాడి చెవి పక్కనే దొరికింది. నలిపితే వేళ్లకంటిన కంపు సబ్బుతో రుద్దినా పోలేదు.

"పత్తి బయటెయ్యి బాపూ. పోరనికి మంచిది గాదు," అన్నాను.

"గీ ముసురుల ఏడెయ్యాలె? ఏడాది కష్టం బిడ్డా అది. ఎండ పొడిస్తే దీని మీద జర తెల్లది పరిచి పంపిద్దాం."

"గట్లయితే మమ్ముల వసారాల ఎయ్యి."

"వసారా కారుతున్నది, పసిపోరడు తడుస్తడు," అంది అవ్వ. ఆమె పత్తి వైపు మాట్లాడిందో, మనవడి వైపు మాట్లాడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కుళ్లింది అడుగున, తెల్లది పైన. ఆ మాట విన్నాక నాకు కుప్ప మీద కంటే బాపు మీదే ఎక్కువ రోత పుట్టింది.

మర్నాడు పిల్లాడు పాలు తాగలేదు. డొక్కలెగరేస్తున్నాడు, గొంతులో పిల్లికూతలు. ఆటోలో జనగామ దవాఖానకు తీసుకుపోయాం. బుడ్డ ముఖానికి గొట్టమున్న మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. "ఇంట్ల బూజు, దుమ్ము ఏమన్న ఉన్నదా?" అని డాక్టరు అడిగాడు. బాపు నేల చూశాడు. "పత్తి ఉన్నది సారూ," అని అవ్వ చెప్పింది. డాక్టరు మా ముఖాలు ఒక్కొక్కటిగా చూశాడు. బాపు అక్కణ్నుంచే బయటికి నడిచి, ఊరికి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నానికి పిల్లాడి ఊపిరి కుదుటపడింది. అప్పుడొచ్చాడు బాపు. కుప్పనంతా వానలోనే ఒక్కడే మోసుకుపోయి పెంట మీద పోసి, ఆ బట్టలతోనే బస్సెక్కాడు. తలలో, గడ్డంలో పత్తి పీచు. గోళ్ల కింద ఆ గుట్కా రంగు మడ్డి. కుడితి కంపు మంచం దాకా వచ్చింది. ఏడాది పంటను పెంటపాలు చేసి వచ్చిన మనిషని నాకు తెలుసు. అయినా మనవడి నుదుటి మీదికి చెయ్యి చాపేసరికి పిల్లాణ్ని లాక్కున్నాను.

"తాకకు."

"కడుక్కొనొస్త బిడ్డా."

"కడుక్కున్నా తాకకు."

దవాఖాన నుంచి వాణ్ని ఇంటికి పంపేదాకా బాపు వార్డు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

నా కొడుకు ఇప్పుడు బడికి పోతున్నాడు. బాపు పత్తి వేయడం మానలేదు. తడపడం మానాడో లేదో నేనడగను. జనగామలో ఇప్పుడు మేముండే ఇంటికి వచ్చినప్పుడు మాత్రం, ఎంత దాహమేసినా ముందు వాకిట్లో నల్లా దగ్గర ఆగుతాడు. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటాడు. అనుమానముంటే మళ్లీ రుద్దుతాడు. ఆ తర్వాతే మనవణ్ని పిలుస్తాడు.

ఇక చాలు బాపూ, అని నేను ఇంతవరకు అనలేదు.