మా నాన్న దిద్దిన మొక్కజొన్న కాండం

ఆ రోజుల్లో ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న ఆడపిల్లను మా వీధి వీధంతా ముందుగానే 'డాక్టరమ్మా' అనేసేది. ఫలితాలు వచ్చాక ఆ పిలుపును వెనక్కి తీసుకునే పద్ధతి మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి సైన్సు చెప్పుకునే నన్ను, మోకాళ్ళ నొప్పులకు మందు రాయమని అడిగే పెద్దమ్మలు ఇప్పటికీ ఇద్దరున్నారు. (రోజూ కాసేపు నడవమని చెబుతుంటాను. అది ఎవరైనా చెప్పొచ్చు.) ఇంతటి డాక్టరమ్మకు ఆ రోజుల్లో ఉన్న ఒకే ఒక్క జబ్బు, బొమ్మ గీయడం రాకపోవడం. నేను గీసిన బొద్దింకను చూసి మా హాస్టల్ పిల్లలు ఖర్జూరపండు అనుకున్నారు.

మా కాలేజీ బెజవాడలో. జీవశాస్త్రంలో బొమ్మలు రాకపోవడమంటే వంటింట్లో పొయ్యి వెలిగించడం రాకపోవడమే. రికార్డు పుస్తకం నిండా బొమ్మలే గీయాలి, అదీ పెన్సిల్‌తోనే. దాని మీద మా మేడమ్ సంతకం పడకపోతే ప్రాక్టికల్ పరీక్ష గది గుమ్మం కూడా తొక్కనివ్వరు. ఆవిడను మేం చాటుగా స్కేలు మేడమ్ అనేవాళ్ళం. పేర్లు రాసే గీతలు ఒకదానికొకటి సమానంగా ఉన్నాయో లేదో ఆవిడ స్కేలు పెట్టి మరీ చూసేవారు, నచ్చకపోతే ఆ పేజీ చింపి చేతిలో పెట్టేవారు. నా రికార్డు అప్పటికే సగానికి సగం చిక్కిపోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు మా నాన్న. బందరు వైపు మా ఊళ్ళో నాన్న మగ్గాలకు డిజైన్లు గీసేవాడు. చీర అంచు మీదికి హంస రావాలన్నా, మామిడిపిందె రావాలన్నా ముందుగా గ్రాఫు కాగితం మీద ఆయన గడులు నింపాల్సిందే. ఇంట్లో అంతటి చేయి పెట్టుకుని నేనెందుకు ఏడవాలి? శనివారం పాసింజరులో ఇంటికెళ్ళి, రికార్డూ టెక్స్ట్‌బుక్కూ ఆయన ముందు పెట్టి బతిమాలాను. "నాకీ పురుగులూ పేగులూ ఏం తెలుసే చిట్టీ?" అన్నాడు గానీ, పెన్సిల్ ముక్కు చెక్కడం అప్పుడే మొదలుపెట్టాడు. మరుసటి వారం వెళ్ళి తెచ్చుకున్నాను. అబ్బో, ఆ బొమ్మలు! హాస్టల్లో అందరికీ తిప్పి తిప్పి చూపించాను, నేనే గీశానని చెప్పాను. (చెప్పడానికి గొంతు తడబడలేదు కూడా.)

రికార్డును మేడమ్ బల్ల మీద పెట్టిన రోజున ఆవిడ స్కేలు తీయనేలేదు. కళ్ళజోడు మాత్రం తీసి తుడుచుకున్నారు.

"ఏమ్మా, మొక్కజొన్న కాండంలో నాళికాపుంజాలు ఎలా ఉంటాయి?"

"చెల్లాచెదురుగా ఉంటాయి మేడమ్." బట్టీ పట్టిన జవాబు కాబట్టి ఠక్కున వచ్చింది.

"మరి ఇక్కడ పెళ్ళి భోజనాల పంక్తిలా వరుసగా కూర్చున్నాయేం?"

నిజమే. కాండం అడ్డకోతలో చుక్కల్లా కనిపించే ఆ నీటి గొట్టాల కట్టల్ని నాన్న ఒక్క చుక్క కూడా వరుస తప్పకుండా గుండ్రంగా కూర్చోబెట్టాడు. పేజీ తిప్పారు. గుండె. డిజైను పనిలో సగం గీస్తే చాలు, మిగతా సగం అదే లెక్కన అటు తిప్పి వేసుకోవచ్చు. నాన్న గుండెనూ అలాగే గీశాడు. దానికి కుడివైపే లేదు, రెండూ ఎడమవైపులే.

"ఈ గుండె ఉన్నవాడి రక్తం ఊపిరితిత్తులకి ఎలా వెళ్తుందమ్మా? బస్సెక్కి వెళ్తుందా?"

క్లాసంతా ఘొల్లుమంది. పరీక్షకు పది రోజులే ఉంది. సంతకం పడకపోతే ఏడాది పోతుంది, వీధి ముందు డాక్టరమ్మ పరువు పోతుంది. ఆ భయంలో నోటికొచ్చింది అనేశాను. "నేను సరిగ్గానే గీశాను మేడమ్. మా నాన్న నాకు తెలియకుండా దిద్దేశారు."

"అలాగా. అయితే ఆయన్నే తీసుకురా."

బుధవారం నాన్న వన్‌టౌన్‌లో షాపులకు చీరలిచ్చి, ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. మేడమ్ నా మాటల్నే ఆయనకు వినిపించారు. నాన్న నా వైపు ఒక్కసారి చూశాడు. నేను నేల చూశాను.

"అవునండీ మేడమ్ గారూ, తప్పు నాదే. పాపకి తెలీదు. బుక్కులో ఆ చుక్కలు చెదిరిపోయి ఉంటే, అచ్చువాడు తప్పు చేశాడనుకున్నానండీ. అలా నేస్తే షాపు వాళ్ళు మొహాన కొడతారు కదా అని సర్దేశాను."

మేడమ్ నన్ను పక్క గదిలోంచి మొక్కజొన్న స్లైడు తెమ్మన్నారు. తెచ్చేసరికి ఇద్దరూ మాట్లాడకుండా చెరో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మైక్రోస్కోపులో నాన్న ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "నిజంగా ఇలాగే ఉందండీ!" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఆయనతోపాటే నేనూ ఇంటికి బయల్దేరాను. రైలు గుడివాడ దాటాక అడిగాడు. "అంత చెదిరిపోయి ఉండి కూడా ఆ కాండం పడిపోకుండా ఎలా నిలబడుద్దే?"

"అది సిలబస్‌లో లేదు నాన్నా," అన్నాను.

మేడమ్ పెట్టిన షరతు ప్రకారం ఆ రెండు బొమ్మలూ నేనే గీశాను. నాన్న ఎదురుగా కూర్చుని, పెన్సిల్ అందుకోకుండా రెండు చేతులూ చంకల్లో బిగించుకున్నాడు. నా గుండె ముదిరిన వంకాయలా వచ్చింది. మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "వంకరగా ఉన్నా ఇది బతుకుతుందిలే," అని సంతకం పెట్టారు. పరీక్ష గట్టెక్కింది. నేనూ నా తెలివితేటలకు మురిసిపోయాను.

కానీ ఆ అబద్ధం ఇన్నేళ్ళూ ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. పోయిన నెల ఆదివారం టీ తాగుతూ చెప్పేశాను. "ఆ రోజు నేనే బతిమాలి గీయించుకుని, నెపం నీ మీద వేశాను నాన్నా. సిగ్గేస్తోంది."

నాన్న తాపీగా గ్లాసు కింద పెట్టాడు. "మీ మేడమ్ గారికి అప్పుడే తెలుసుగా. నువ్వు స్లైడు కోసం వెళ్ళినప్పుడు ఆవిడే చూపించారు. ప్రతి పేజీ వెనకా మూలన నువ్వు పెన్సిల్‌తో సన్నగా రాసిపెట్టావు, 'నాన్నా, ఇది కాస్త అందంగా గీయి' అని. రుద్దడం మర్చిపోయాం. నీ ముందు నవ్వితే చిన్నబుచ్చుకుంటావని కిటికీల దగ్గరికి పోయాం."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇద్దరు పెద్దవాళ్ళు నవ్వు ఆపుకుంటూ తన పరువు కాపాడుతుంటే, వాళ్ళిద్దరినీ బోల్తా కొట్టించానని మురిసిపోయిన ఆ రెండు జడల డాక్టరమ్మ మీద ఎంత ప్రయత్నించినా కోపం రావడం లేదు.