రెండు చేతులతో ఇచ్చిన గిన్నె

పంజాగుట్టలో మా పై పోర్షన్‌లోకి కొరియా నుంచి ఒకావిడ వచ్చింది. సాఫ్ట్‌వేర్ పని మీద వచ్చిన భర్త, ఇద్దరు పసివాళ్లు. నాకూ ఇద్దరే. మర్యాదకని గిన్నెడు పప్పుచారు పంపాను. మర్నాడు అదే గిన్నెలో ఏదో తీపి అన్నం పెట్టి, రెండు చేతులతో పట్టుకుని, తలవంచి ఇచ్చింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని వాళ్లకీ ఉందట! ఆవిడ పెట్టాక నేనూరుకుంటే ఏం బావుంటుందని మళ్లీ ఉప్మా పంపాను.

ఏడాదిపాటు ఆ గిన్నె మెట్లెక్కుతూ దిగుతూనే ఉంది. చంటిది చంకలో ఏడుస్తున్నా, నాకు జ్వరమొచ్చినా, దాని కోసం పొయ్యి వెలిగించేదాన్ని. లోపల తిట్టుకునేదాన్ని కూడా.

ఒక మధ్యాహ్నం తలుపు కొట్టింది. రేగిన జుట్టు, భుజం మీద పిల్లాడు కక్కిన పాల మరక. ఎప్పట్లాగే రెండు చేతులతో గిన్నె ముందుకు పట్టింది. ఖాళీగా ఉంది.

“ఓపిక లేదక్కా,” అంది, తలెత్తకుండా.

ఆవిడ నోట నేను విన్న మొదటి తెలుగు మాట. రోజంతా మా వంటింట్లోంచి పైకి వినపడే నా మాట అదే మరి.

నేనూ రెండు చేతులతో అందుకున్నాను. “నాకూ లేదమ్మా, కూర్చో,” అన్నాను. ఇద్దరం మెట్ల మీదే కూలబడ్డాం.

ఆ సాయంత్రం నలుగురు పిల్లలకీ అమీర్‌పేట బండి మీది ఇడ్లీ పొట్లాలే. కడగడానికీ, తిరిగివ్వడానికీ ఒక్క గిన్నె కూడా లేదు.