నీళ్ళకు మెల్లిగా చెప్పాలి

మా వదిన ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోస్తుంది. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే డ్రైవర్నని చెబుతుంది. నాలుగు చక్రాల బండే కదా, ఇందులో అబద్ధం ఎక్కడుందని నవ్వుతుంది. ఆవిడ తోస్తుంటే సొంత మంచం మీద పడుకున్నట్టే ఉంటుందని వార్డులో చెప్పుకుంటారు. నేను ఎదురింట్లోనే ఉంటాను. ఆ ఇంట్లో చెంచా కింద పడ్డా నాకు వినిపిస్తుంది కాబట్టి ఇదంతా చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

అన్నయ్యావాళ్ళతోనే ఉండే మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ వదిన డ్యూటీలో లేని పూట ఎవడో కొత్తవాడు స్ట్రెచర్‌ని పరుగున తీసుకెళ్ళి లిఫ్టు ముందు టక్కున ఆపాడు. అమ్మ అరుపుకి ఆ అంతస్తులో వాళ్ళంతా పోగయ్యారు. ఇంటికి వచ్చాక, చక్రాలున్న దేని మీదా ఇక ఒళ్ళు పెట్టేది లేదని అమ్మ మంకుపట్టు పట్టింది. ఇలా పడుకునే ఉంటే ఇక లేవడం కష్టమని డాక్టరు హెచ్చరించాడు. అన్నయ్య బతిమాలాడు, నేను కసిరాను. అద్దెకు తెచ్చిన చక్రాల కుర్చీ తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. వదిన తోస్తానంటే మాత్రం అమ్మకు ఎక్కడలేని కోపం వచ్చేది.

“మీ ఆసుపత్రి తోపుళ్ళు నాకొద్దమ్మా. ప్రాణం పోయినంత పనైంది.”

వదిన వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. తోసింది తను కాదు, అయినా మాట పడింది. అమ్మ మీద నాకు ఒళ్ళు మండింది.

ఆ ఆదివారం వదిన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పిల్లని మేమంతా బుల్లెట్ అంటాం. దానికి నడవడం రాదు, ఎక్కడికైనా పరుగే. ముందు గ్లాసు మీద అట్టముక్క పెట్టి, దాని మీద నాణెం పెట్టారు. అట్టను వేలితో ఠక్కున కొడితే అది ఎగిరిపోయింది, నాణెం గ్లాసులో పడింది. తర్వాత క్యారమ్ బిళ్ళల్ని దొంతరగా పేర్చి అడుగుదాన్ని స్ట్రైకర్‌తో కొట్టారు. అడుగుది పోయింది, పైవన్నీ కూలకుండా ఉన్నచోటే దిగాయి. దీన్ని జడత్వం అంటారని బుల్లెట్ తన పుస్తకంలోంచి చదివి వినిపించింది. కదలనిది కదలనంటుంది, కదిలేది ఆగనంటుంది. మొదటి సగం మా అన్నయ్య సెలవురోజున మంచం మీద చేసి చూపిస్తూనే ఉంటాడు, దానికి పుస్తకం దేనికి.

ఆ తర్వాత వదిన అటక మీంచి చెక్క తోపుడుబండి దించింది. నడక నేర్చుకుంటుందని కొంటే ఆ పిల్ల పరుగు నేర్చుకున్న బండి అది. దాని మీద అంచుదాకా నీళ్ళు పోసిన గిన్నె పెట్టి, చుక్క ఒలక్కుండా వసారాదాకా తోయాలని పందెం కట్టింది. ఆ పందెం నడవాలో, సరిగ్గా అమ్మ గది తలుపు ముందు నుంచే. ఏదో అలా కుదిరిందనుకున్నాను. వదిన సంగతి తెలిసి కూడా అలా అనుకోవడం నా బుద్ధితక్కువ.

బుల్లెట్ తోయగానే నీళ్ళు వెనక్కి ఒలికాయి. ఆపగానే ముందుకి ఒలికాయి.

“బండి కదిలిన సంగతి నీళ్ళకి ఇంకా తెలీదే. ఆగిన సంగతీ అంతే. వాటికి మెల్లిగా చెప్పాలి,” అంది వదిన, గుడ్డ అందిస్తూ.

రోజూ బడి నుంచి రాగానే ఆ పిల్లకి ఇదే పని. ఇల్లు చెరువు చేస్తున్నారని, ఇంకొకళ్ళ తుంటి కూడా విరగ్గొడితే గానీ తీరదా అని అమ్మ మంచం మీంచే చీవాట్లు పెట్టేది. వదిన తుడిచేది, మళ్ళీ నింపేది. కొన్నాళ్ళకి తిట్లు తగ్గాయి. అమ్మ తలగడ ఎత్తు చేయించుకుని చూడటం మొదలుపెట్టింది. ఆపడం గుమ్మం దగ్గర కాదు, ఇంకా ముందునుంచే మొదలుపెట్టాలని మనవరాలికి సలహాలు కూడా ఇచ్చేది.

ఒక సాయంత్రం బండి వసారాదాకా వెళ్ళి ఆగింది. నీళ్ళు అంచు దగ్గర వణికాయి గానీ ఒలకలేదు. అమ్మ కుర్చీ మీది తువ్వాళ్ళు తియ్యమంది.

“ఈ పిల్లనొక్కదాన్నే తొయ్యనివ్వండి. మీరెవరూ చెయ్యి వెయ్యొద్దు. నా చేతికో నిండు గ్లాసు నీళ్ళివ్వండి. చుక్క ఒలికిందా, ఇక నన్నడగొద్దు.”

నేనూ వదినా పట్టుకుని కుర్చీలోకి దించాం. బుల్లెట్ ఊపిరి బిగబట్టి తోసింది. పక్కనే నడుస్తున్న వదిన చేతులు వెనక్కి కట్టుకుంది. ముట్టుకోకుండా ఉండటం ఆవిడకెంత కష్టమో ఆ వేళ్ళు చూస్తే తెలిసింది. గుమ్మం దగ్గర వాలుగా చెక్కపలక వేసి ఉంది. వదిన దాన్ని ఎప్పుడు సిద్ధం చేసిందో, ఎవరికీ చెప్పలేదు. కుర్చీ వసారాలో ఆగింది. అమ్మ గ్లాసు వైపు చూసుకుని నీళ్ళన్నీ గటగటా తాగేసింది. భయంతో నోరెండిపోయిందని అప్పుడు ఒప్పుకుంది.

వీధిలో వచ్చేపోయేవాళ్ళని చీకటి పడేదాకా చూసింది. లోపలికి వెళ్ళే వేళకి బుల్లెట్ చెంబుతో నీళ్ళు తెచ్చి గ్లాసు నింపబోయింది. అమ్మ గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు పక్కకి రావే. మీ అమ్మ తోస్తుంది.”

“మరి గ్లాసు, నానమ్మా?”

“మీ అమ్మకి గ్లాసెందుకే.”

వదిన తల వంచుకుని కుర్చీ వెనక్కి వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపయ్యాక, ఇంకా తొయ్యవేమని అడిగింది.

“గదిలోకొచ్చేశాం అత్తయ్యా,” అంది వదిన.