తొమ్మిది వన్స్‌మోర్లు

ఆ సాయంత్రం జమ్మలమడుగు కల్యాణమండపంలో పోయినవాటిని ముందు చెప్పేస్తాను. నాటకంలో చివరి అంకం మొత్తం పోయింది. అందులోని పద్నాలుగు పద్యాలూ పోయాయి. ఆ అంకంలో మాత్రమే కనిపించాల్సిన రాణి, ఇద్దరు చెలికత్తెలు తెర వెనకే కూర్చుని, పూసుకున్న రంగు పూసుకున్నట్టే బస్సెక్కి ఇళ్ళకు పోయారు. కరువు చూపించడానికి మైలవరం దారిలో కొట్టి తెచ్చిన ఎండు తుమ్మకొమ్మలు ఒక ఆటో నిండా ఉన్నాయి. అవి మరునాటి పెళ్ళివాళ్ళ పొయ్యిలోకి పోయాయి. ఇంత పోయాక కూడా నాటకం దిగ్విజయమని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు.

నేను ప్రొద్దుటూరులో ఒక పత్తిమిల్లులో తూకాలు రాసేవాణ్ణి. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. లెక్కలు తర్వాత నా అంతట నేనే నేర్చుకున్నాను. మా నాటక సమాజం నన్ను కళాకారుడిగా ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. గడియారం చూసి, ఏ అంకం ఎంతసేపు పడుతుందో చెప్పడం నా పని. నాటకమంటే నాకు ప్రాణం. నాటకానికి వచ్చి ముందు వరసలో కూర్చునే పెద్దమనుషులంటే మాత్రం ప్రాణం విసిగిపోతుంది.

మాది మా ఊరాయన ఒకరు రాసిన పద్యనాటకం. తన కోటను చూసుకుని మురిసిపోయే రాజు, కరువొచ్చాక గాదెలు తెరిచి, కోట వదిలి, జనంతో కలిసి వలసపోతాడు. రాజు వేషం జమ్మలమడుగులో పరుపులు కుట్టే మామది. నాకు చుట్టం కాదు. దూదేకుల ఇంటివాడు, నేను మామా అంటాను, ఆయన అల్లుడా అంటాడు. పగలంతా దూది ఏకే మిషను పక్కన ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చునే ఆ మనిషి, గొంతెత్తితే హాలు చివరి వరసకు మైకు అవసరం ఉండేది కాదు.

ఆయన చివరి అంకం అంతవరకూ ఒక్కసారి కూడా జనం ముందు పాడలేదు. ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఈమధ్య ప్రొద్దుటూరులో దాన్ని శాలువాలు మింగేశాయి. ముప్పై ఒక్క మందికి కప్పారు; కప్పించుకున్న ప్రతి ఒక్కడూ తనకు మాటలు రావడం లేదంటూనే మాట్లాడాడు. పులివెందులలో ముఖ్య అతిథి కోసం రెండు గంటలు తెర ఎత్తలేదు. ఆయన వచ్చాడు, దీపం వెలిగించాడు, వేరే ఊళ్ళో ఇంకో దీపం ఉందని వెళ్ళిపోయాడు. రెండుచోట్లా రాజు మురుస్తూనే ఉండిపోయాడు, కరువు రాలేదు.

ఈలోగా మామ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ తప్పదని, ఆ తర్వాత పాట సంగతి చెప్పలేనని కడపలో డాక్టరు అన్నాడు. మామ నన్ను అంగడికి పిలిపించాడు.

"కోసేదానికి ముందు ఒక్కసారి ఆ ఆఖరు అంకం పాడాల అల్లుడా. ఇరవై ఏండ్లుగా రాజు యాసం కడతాండా. ఆ రాజు ఏమైపోయినాడో జనానికి ఒక్కనాడన్నా చెప్పలేకపోతి."

"ఈసారి నేను లెక్కేసి పెడతా మామా. శాలువాలుండవు, దీపాలుండవు."

అన్నంత పనీ చేశాను. మండపం తొమ్మిదికి అప్పగించాలి, తెల్లవారితే అక్కడ పెళ్ళి. సాయంత్రం అయిదుకు తెర. రెండో అంకం ఎనిమిదికి పది నిమిషాల ముందు ముగుస్తుంది. చివరి అంకానికి యాభై అయిదు నిమిషాలు. ఇంకా పదిహేను నిమిషాలు మిగులు. లెక్కలో తప్పు లేదు.

ఖర్చు పెట్టింది పెద్దముడియం వైపు పల్లెకు చెందిన ఇద్దరు దాయాదులు, చెరిసగం. ఇద్దరూ పెద్ద రైతులే, ఇద్దరికీ మాటల్లేవు. ముందు వరసలో ఇద్దరికీ రెండు సోఫాలు వేయించి, ఎత్తు సమానమా కాదా అని మా అధ్యక్షుడు నాచేత టేపు పెట్టి కొలిపించాడు. ఒకటి అరంగుళం పొట్టి. దాని కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టాం. ఆ రోజు కళాసేవలో నా మొదటి పని అది.

మా వైపు పద్యనాటకానికి ఒక మర్యాద ఉంది. పద్యం నచ్చినవాడు వన్స్‌మోర్ అంటాడు, నటుడు మళ్ళీ పాడాలి. పాడకపోతే అడిగినవాణ్ణి నలుగురిలో అవమానించినట్టు. అడిగినాయన మనుషుల్లో ఒకడు వేదికెక్కి నటుడి రొమ్మున నోటు గుచ్చుతాడు. అడిగినాయన పేరూ ఊరూ మైకులో చదువుతారు.

రెండో అంకం చివర రాజు కోట మీద నిలబడి, నా అంతటివాడు లేడని పాడే పద్యం ఉంది. మామ పాడాడు. పెద్ద దాయాది వన్స్‌మోర్ అన్నాడు. నోటు, మైకు, పద్యం. వెంటనే చిన్న దాయాది వన్స్‌మోర్ అన్నాడు. మళ్ళీ పెద్దాయన. ఒక్కోదానికి ఏడు నిమిషాలు పడుతోంది: పద్యానికి నాలుగు, నోటుకూ మైకుకూ మూడు. నా పదిహేను నిమిషాలు మూడోదానికే దాటిపోయాయి.

నేను వంగి పెద్దాయన సోఫా దగ్గరికి పోయాను. "పెద్దాయనా, ఆయప్పకు గొంతు బాగలేదు. ఇంగా ఒక అంకం ఉండాది."

"నాదేముందప్పా. ఆయన్ను ఆపమను, నేను ఆపుతా."

చిన్నాయన దగ్గరికి పోయాను.

"ఆయనది ఆఖరు చేసి నన్ను ఇంటికి పొమ్మంటావా? రేపు పల్లెలో తలెత్తుకోని తిరగొద్దా?"

"పద్యం బాగుండాదనే గదా అడుగుతాండేది?"

"పద్యం ఎవురింటాండారప్పా!" అని ఆయన నా అమాయకత్వానికి నవ్వాడు.

అయిదు వన్స్‌మోర్లు అయ్యాక అధ్యక్షుడికి ఒక ఉపాయం చెప్పాను. ఇద్దరి పేర్లూ కలిపి, ఉభయుల కోరికపై చివరిసారి అని చదివిస్తే ఎవరిదీ ఆఖరు కాదు. చదివించాడు. పెద్దాయన పేరు ముందొచ్చింది. చిన్నాయన మనిషి ఒకడు కుర్చీ మీదికెక్కాడు.

"ఎవురి పేరురా ముందు సదివినావు? మావోడేమన్నా తోకనా?"

పేర్లు తిరగేసి చదివించి మళ్ళీ పాడించారు. అది ఏడు. అంటే చిన్నాయన పేరు ముందున్నది ఆఖరైంది గనక పెద్దాయన ఎనిమిది అడిగాడు. చిన్నాయన తొమ్మిది. వెనక వరసల్లో కుర్రవాళ్ళు ఫోన్లెత్తి వీడియో తీస్తూ ఈలలు వేశారు, ఎవరు గెలుస్తారోనని. తొమ్మిదోసారి మామ గొంతు రెండో పాదం దగ్గర జీరపోయి, మూడో పాదంలో గాలి మాత్రమే వచ్చింది. దానికీ చప్పట్లు కొట్టారు.

తొమ్మిదేడుల అరవై మూడు. అప్పుడు గడియారంలో ఎనిమిదీ యాభై మూడు. డెకరేషన్ వాళ్ళు బంతిపూల దండలతో వేదిక ఎక్కేశారు. సింహాసనం దగ్గర నిలబడ్డ రాజుతో ఒకడన్నాడు: "కొంచెం పక్కకు జరగప్పా, పెండ్లి మండపం ఈడనే ఏస్తాం."

పెద్దాయన పదోది అడగబోయే లోపల డెకరేషన్ వాళ్ళే మైకు వైరు పీకారు. పేరు చదివే మైకు లేదని తెలియగానే ఆయనకు పద్యం మీద కోరిక చచ్చిపోయింది. లేచి చెప్పులు వేసుకున్నాడు. మా అధ్యక్షుడు పెళ్ళివాళ్ళను బతిమాలి వైరు పెట్టించుకుని, సమయాభావం వల్ల ఇంతటితో ముగిస్తున్నాం, దిగ్విజయం అన్నాడు. అది చెప్పడానికి మాత్రం మైకు దొరికింది.

మామ రొమ్మున నోట్లు రెపరెపలాడుతుంటే తెర వెనక్కి వచ్చి కిరీటం తీశాడు. చెలికత్తె వేషం వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన వాళ్ళ వైపు చూసి చెయ్యి తిప్పాడు, ఇంక లేదని.

నాలుగు రోజుల తర్వాత టీ కొట్టు దగ్గర చిన్నాయన కనిపించాడు.

"మొన్న నాటకం శానా బాగుండె. అవునూ, ఆఖరికి ఆ రాజు ఏమాయె?"

"ఆయప్పను కోట మీదనే నిలబెట్టింది మీరు గదా, మీకే తెలియాల," అన్నాను. ఆయనకు అదీ మెచ్చుకోలుగానే వినబడింది.

ఆపరేషన్‌కు ముందు రోజు మామ అంగడికి పోయాను. మిషను ఆపి, సగం కుట్టిన పరుపు మీద నన్ను కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేశాడు. చివరి అంకం మొదలుపెట్టాడు. రాగం తీయలేదు, చదివినట్టే పాడాడు. గాదెలు తెరిచే పద్యం, కోటకు తాళం వేయకుండా వదిలే పద్యం, పొలిమేర దాటే పద్యం. నాలుగోది ఎత్తుకున్నాడు. మొదటి మాటకే గొంతు పట్టేసింది. నీళ్ళు తాగి మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ పట్టేసింది.

"మిగతాది వచ్చినాక పాడతాలే అల్లుడా," అన్నాడు.

గడ్డ పోయింది, మనిషి బాగున్నాడు. గొంతు గుసగుసను దాటి రాలేదు. గిరాకీకి వచ్చినవాళ్ళకు వేళ్ళతో ధర చెబుతాడు. మా సమాజం అదే నాటకాన్ని ఇప్పటికీ వేరే రాజుతో ఆడిస్తోంది. టైము చాలడం లేదని చివరి అంకాన్ని పుస్తకంలోంచే తీసేశారు. ముందు వరసలో దాయాదులు వన్స్‌మోర్ అంటూనే ఉన్నారు.

పద్నాలుగులో నాకు ముట్టినవి మూడు. ఈ మూడు ఊళ్ళ పెద్దమనుషులందరూ కలిసి ఆయనకు ఇప్పటికీ బాకీ ఉన్నవి పదకొండు.