సూపర్‌వైజర్ సాబ్ సైకిలెక్కిన శుక్రవారం

మా సూపర్‌వైజర్ సాబ్ పోయాడని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. గుండెపోటట. మధ్యాహ్నానికల్లా వాళ్ళ ఊరి చౌరస్తాలో ఫ్లెక్సీ వెలిసింది. ‘గల్ఫ్ కార్మికుల ఆశాజ్యోతి’ అని రాశారు. ఎవరో ఫొటో పంపితే చూసి నవ్వొచ్చింది. పోయినాయన్ని పొగడటం మర్యాద. నాకంత మర్యాద లేదు.

తొంభైల మొదట్లో ఒమాన్‌లో, రుసైల్‌లోని ఒక పైపుల ఫ్యాక్టరీలో ఆయన కింద పనిచేశాను. నిజామాబాద్ వైపు మనిషి. ఆ ఎండల్లోనూ టై కట్టేవాడు. మేనేజర్ ఫోన్ చేస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు. ఆ తెల్ల మేనేజర్‌కు ఒక కుక్క ఉండేది. మమ్మల్ని అరే, ఒరే అనే ఈయన దాన్ని మాత్రం ‘ఆప్ బైఠియే’ అని మర్యాదగా బతిమాలేవాడు. రూమ్‌లో అన్నం తినేటప్పుడు ఆయన్ని తిట్టుకోవడమే మాకు పచ్చడి.

నేను గల్ఫ్‌కు వచ్చేనాటికే నా భార్యకు ఆరో నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారైనా పక్కన ఉండాలని, వచ్చిన వారంలోనే వెళ్ళి కాన్పు నెలకు సెలవు అడిగాను. మేనేజర్ తలెత్తకుండా ‘చుట్టీ మాఫీ’ అన్నాడు. మన దగ్గర అప్పు మాఫీ, వడ్డీ మాఫీ అంటాం కదా. రూలేదో మాఫీ చేసి చుట్టీ ఇచ్చాడనుకున్నాను. ఆ సంతోషంలో రూమ్‌లో అందరికీ చాయ్ పోయించాను.

సంగతి విని సాబ్ నన్ను పిలిపించాడు.

“మాఫీ అంటే ఇక్కడ లేదన్నట్టు. తెలివిలేనోడా, చాయ్ సుత పోసినవా?” అన్నాడు. ఆ వెంటనే, “శుక్రారం నాతోని గుట్టకు రా. నీళ్ళ డబ్బాలు మొయ్యాలె” అన్నాడు.

ఆ శుక్రవారం మేనేజరూ స్నేహితులూ గుట్టల్లో సైకిళ్ళు తొక్కడానికి వెళ్తున్నారు. మన దగ్గర సైకిల్ తొక్కేవాడు మోటారు బండి ఎప్పుడు కొంటానా అని చూస్తాడు. వీళ్ళు పెద్ద పెద్ద కార్లు కొని, వాటి నెత్తిన సైకిళ్ళు కట్టి, దారి లేని చోటికి తెచ్చి, అక్కడ దించి తొక్కుతారు. తలకు బుట్టల్లాంటి టోపీలు, తొడలకు అతుక్కున్న లాగులు. పైకి పోతే అక్కడ ఏమీ లేదు, మళ్ళీ దిగిరావడమే. చుట్టూ నల్ల గుట్టలు, అక్కడక్కడా ముళ్ళచెట్లు తప్ప గడ్డి పరక లేదు. సముద్రం అడుగున పొంగిన నిప్పు గడ్డకట్టి పైకి లేచిందని మేనేజర్ చెప్పాడు. సాబ్ ప్రతి ముక్కకూ ‘ఎస్ సార్’ అన్నాడు, తానే దగ్గరుండి పొంగించినట్టు.

మేనేజర్ పాత సైకిల్ సాబ్‌కిచ్చారు. టై తియ్యలేదు. ప్యాంటు అంచులకు రబ్బరు బ్యాండ్లు వేసుకుని, పొద్దుటినుంచీ వాళ్ళ వెనకాలే రొప్పుతూ తొక్కాడు. నేను నీళ్ళ డబ్బాలతో పికప్‌లో వచ్చాను. మధ్యాహ్నం ఒక నిట్టనిలువు దిగుడు దగ్గర అందరూ ఆగారు. దిగడానికి జంకి, ‘నువ్వు ముందు’ అని ఆయన్ని తోశారు. వెళ్ళాడు. సగం దిగాక సైకిల్ ముళ్ళచెట్టులో పడింది, ఆయన రాళ్ళలో పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వాడు. మేనేజర్ కళ్ళు తుడుచుకుంటూ దిగి చెయ్యి అందిస్తే, ఆ చెయ్యి వదలకుండా నన్ను చూపించి, “సార్, దిస్ మ్యాన్, బేబీ కమింగ్, చుట్టీ” అన్నాడు. మేనేజర్ నవ్వుతూనే ఓకే అన్నాడు.

“దెబ్బ బాగ తాకిందా సాబ్?” అని నీళ్ళిస్తూ అడిగాను.

“కావాలనే పడ్డ తమ్మీ. పడకపోతే ఆయన నవ్వడు. నవ్వకపోతే చుట్టీ ఇయ్యడు.”

మా అమ్మాయి తొలి ఏడుపు జగిత్యాల ఆసుపత్రి వరండాలో నిలబడి విన్నాను. అందుకు ఆయనకు జన్మంతా కృతజ్ఞుణ్ణి. ఆయన నవ్విన ఆ నవ్వంటే మాత్రం నాకు అప్పుడూ రోతే, ఇప్పుడూ రోతే. అడిగితే ఇవ్వాల్సినదాన్ని ఒక మనిషిని రాళ్ళలో దొర్లించి ఇచ్చిన ఆ మేనేజర్ అంటే అంతకన్నా రోత.

ఆ శుక్రవారం సాయంత్రం సాబ్ వాళ్ళ సైకిళ్ళన్నీ కార్ల మీదికెత్తి కట్టాడు. కార్లు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు. దుమ్ము అణిగాక ఒక నల్లరాయి మీద కూర్చుని, మోకాట్లో ఇరుక్కున్న రాళ్ళ నూకను గోటితో ఏరుకోసాగాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. నోరు మాత్రం ఇంకా నవ్వుతోంది.