గడియ వెయ్యను

మా మేనత్తను నాటక సమాజంలో అందరూ గుసగుసలమ్మ అనేవాళ్లు. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని, మాట మరిచిపోయిన నటులకు మాట అందించడం ఆమె పని. ముప్పై ఒక్క ఏళ్లు అదే పని చేసింది. అందించిన మాట వేదిక మీద వాళ్లకు వినపడాలి, మొదటి వరుసలో కూర్చున్న వాళ్లకు వినపడకూడదు. ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. ఉప్పు ఇటు జరపమని అడిగినా ఏదో కుట్ర పన్నుతున్నట్టే ఉండేది.

అన్నేళ్లూ ఆ సమాజానికి తిండి పెట్టింది ఒక్కటే సంగీత నాటకం. పడవ నడిపేవాడు యుద్ధానికి పోతాడు. పెళ్లాం రేవు దాకా వచ్చి పాట పాడి సాగనంపుతుంది. కథంటూ ఉన్నది ఇంతే. నన్నడిగితే రెండో అంకం నిద్రమాత్రతో సమానం. కానీ ఆ రేవు పాట కోసం జనం విరగబడేవాళ్లు. "వెళ్లు వెళ్లు, గడియ వెయ్యను" అన్న చోట హాలు హాలంతా గొంతు కలిపేది. చిన్నప్పుడు విన్నవాళ్లు మళ్లీ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. అలాంటి నాటకాన్ని ఇన్నాళ్లకు సినిమాగా తీశారు.

విడుదలకు వారం ముందు సినిమా కంపెనీ వాళ్లు పాటల పుస్తకం అచ్చు వేసి అత్తకు ఒకటి పంపారు. అన్నం తింటూ తెరిచింది. రేవు పాట ఉన్న పుట దగ్గర ఆగి, చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది.

"ఏమైందత్తా?" అన్నాను.

"కింద ఆయన పేరు వేశారే."

"రాసినాయన పేరు వెయ్యక నా పేరు వేస్తారా?"

"ఆ మాట ఆయన రాయలేదు," అంది అత్త. మామూలుగానే గుసగుస.

అప్పుడు చెప్పింది. నాటకం మొట్టమొదటి ప్రదర్శన రోజున అత్త హడావిడిగా ఇంట్లోంచి బయటపడింది. పెరటి తలుపుకు గడియ వేశానా లేదా అని సాయంత్రమంతా ఒకటే గుబులు. సరిగ్గా రేవు పాట మధ్యలో నాయిక వేషం వేసినావిడ గొంతు ఆగిపోయింది. పుస్తకంలో చూద్దామంటే టీ ఒలికి రెండు పుటలు అంటుకుపోయాయి. ఆవిడేమో ఓరకంట ఇటే చూస్తోంది. రచయిత గారు రాసింది "వెళ్లు వెళ్లు, తిరిగి చూడను" అని. అత్త నోట్లోంచి వచ్చింది "గడియ వెయ్యను" అని. మనసులో ఏది తిరుగుతోందో అదే ఊడిపడింది. ఖర్మ ఏమిటంటే, అది బాణీలో అతికినట్టు కూర్చుంది. ఆవిడ పాడేసింది.

హాలంతా "వన్స్ మోర్" అంటూ పైకప్పు ఎగిరిపోయేలా అరిచారట. పంతం పట్టిన ఆడదాని పాట కాస్తా ఎదురుచూసే ఆడదాని పాట అయిపోయింది. మర్నాడు అత్త పుస్తకంలో పాత మాటను బ్లేడుతో గీకి, కొత్తది రాసిపెట్టింది. వేదిక మీద ఏది పాడితే పుస్తకంలో అదే ఉండాలన్నది ఆ పనిలో నియమం. రిహార్సల్స్‌లో రోజుకో మాట మార్చే అలవాటు కాబట్టి, రచయిత గారు ఏమీ అడగలేదు. ఆయన దగ్గరున్న అసలు ప్రతి ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయింది. ఆయనా పోయి నాలుగేళ్లయింది.

"అప్పుడే చెప్పెయ్యాల్సింది కదా!" అన్నాను. నాకు ఒళ్లు మండింది.

"మొదటి రోజు భయమేసింది. మర్నాటి నుంచి సిగ్గేసింది. ఆ తర్వాత ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"అయితే ఇప్పుడూ చెప్పకు. ఎవరికి నష్టం?"

"ఆయన భార్య ఉన్నారే. మొదటి ఆటకు తన పక్కనే కూర్చోమని ఫోన్ చేశారు. కడుపులో ఇది పెట్టుకుని ఆవిడ పక్కన ఎలా కూర్చోను?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుగా గడిపింది ఆ వారమంతా. పాటల కోసం అడిగి తీసుకున్న నోటుపుస్తకం సినిమా వాళ్ల దగ్గరే ఉంది. ఆ గీకుడు ఎవరో ఒకరు చూసే ఉంటారని భయం. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. చచ్చిపోయినాయన పేరులో వాటా అడుగుతోందని నలుగురూ అనుకుంటారని ఇంకో భయం. చివరికి నిజం చెప్పేయడమే మేలని తేల్చుకుంది. "మీతో ఒక సంగతి చెప్పాలమ్మా. ఆ రోజు నేను మాట తప్పు అందించాను," అని నా ఎదుట కూర్చుని వల్లె వేసింది. ప్రతిసారీ మొదట్లోనే తడబడేది. నేను "మీతో" అంటే మిగతాదంతా తడుముకోకుండా అప్పజెప్పేది. ఇంటర్వెల్‌లో చెబుతాననీ, నోరు పెగలకపోతే అందించమనీ నా దగ్గర మాట తీసుకుంది.

మొదటి ఆట ఉదయం పదకొండింటికి. రచయిత గారి భార్యకు ఎనభై దాటాయి. మధ్యలో అత్త, అటు ఆవిడ, ఇటు నేను. ఆవిడ మాటిమాటికీ కళ్లజోడు తుడుచుకుంటూ చిన్నపిల్లలా సంబరపడుతున్నారు. అత్త మాత్రం లోలోపల వల్లె వేసుకుంటోంది.

రేవు పాట సరిగ్గా ఇంటర్వెల్ ముందు వచ్చింది. తెరంతా నాయిక ముఖమే. సినిమా కదా, జనం పాడరేమో అనుకున్నాను. వెనక ఎవరో ముసలాయన గొంతెత్తాడు. అంతే, హాలంతా అందుకుంది. "వెళ్లు వెళ్లు, గడియ వెయ్యను." అన్నిసార్లు విసుక్కున్న నేనూ గొంతు కలిపాను. అత్త గోళ్లు నా మణికట్టులో దిగాయి.

ఆవిడ అత్త చెవి దగ్గరికి వంగారు.

"ఈ ఒక్క మాట ఆయన్ని ఎంత తిప్పలు పెట్టిందో నీకు తెలీదమ్మా. ఇది నేనెప్పుడు రాశానే అని నన్నే అడిగేవారు. ఎంత తన్నుకున్నా గుర్తొచ్చేది కాదు. ఇలాంటిది ఇంకొక్కటి రాయాలని రోజూ పొద్దున్నే కూర్చునేవారు. రాసింది రాసినట్టే చింపేసేవారు. ఆఖరికి కలం ముట్టుకోవడమే మానేశారు. పోన్లే, ఇంత మాట రాసినాయన ఇంకేం రాయకపోతే మాత్రం ఏం?"

ఆవిడ నవ్వుతూనే కళ్లు ఒత్తుకున్నారు. లైట్లు వెలిగాయి.

అత్త ఆవిడ వైపు తిరిగింది. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

"ఏంటమ్మా, ఏదో చెప్పబోయావు?" అన్నారావిడ.

అత్త నా వైపు చూసింది. "మీతో" అని ఒక్క మాట అంటే చాలు. నేను సీటు కిందికి వంగి, కాళ్లకే ఉన్న చెప్పుల కోసం వెతుక్కున్నాను.